జామచెట్టు కింది సీసాలు

మా ఆయన వాళ్ళమ్మను ఒక్క మాట అడిగి ఉంటే టీ తాగేలోపు తేలిపోయే సంగతి అది. అడగలేదు. ఇంట్లో ఉన్న బకెట్లన్నీ ఆక్రమించుకుని, గిన్నెలు తోమే పీచంతా మట్టి చేసి, ఎక్కడో అమెరికాలో తీరిక దొరికినవాళ్ళు రాసుకున్న వెబ్‌సైట్లన్నీ చదివి, నా ప్రాణం తోడేశాడు. నేను ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ నెలంతా మా ఇంట్లో నా నోట నవ్వన్నది రాలేదు.

మొదలు సంపుతో. నాచారంలో ఎండాకాలం అంటే ట్యాంకర్ల కాలం. మా బోరు సంక్రాంతి దాటగానే నీళ్ళకు బదులు గాలి కొట్టడం మొదలుపెడుతుంది. ట్యాంకర్ వచ్చినా, నేలలో నీళ్ళు పోసుకునే పాత సంపు సగం ట్యాంకరుకే నిండి పొర్లిపోతుంది. ఇంకోటి కావాలి. వెనక పెరట్లో జామచెట్టు పక్కన ఖాళీ ఉంది, అక్కడ తవ్విద్దామని నేనూ మా ఆయనా అనుకున్నాం. మా అత్తమ్మ ఒప్పుకోలేదు.

"వెనక వద్దు. ముందట తవ్వుండ్రి" అంది.

ముందు నా స్కూటీ, ఆయన బండి, తులసి లేని మా ఇంట్లో తులసి కోటంత స్థలం తినే పాత కూలరు ఉంటాయి. తవ్వితే మేము వీధిలో బండ్లు పెట్టుకోవాలి. అదే చెప్పాను. ఒకరోజు జామచెట్టు వేర్లు తెగుతాయంది. ఇంకోరోజు వెనక నేల మెత్తన, గోడ కూలుతుందంది. మరోరోజు పాములుంటాయంది. చివరికి, "ముందట ఈశాన్యం గద, నీళ్ళకు మంచిది" అంది. పక్కింటివాళ్ళు వాస్తు అని వంటిల్లు మార్చినప్పుడు, దేవుణ్ణి నమ్మినోళ్ళకు దిక్కులతో పనేందని ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పిన మనిషి ఆమె. పెద్దతనంలో చాదస్తం అనుకున్నాను. ఆమె చర్చిలో మహిళా కూడికకు వెళ్ళిన ఒక పొద్దున మేస్త్రీని పిలిపించి వెనకే మొదలుపెట్టించాం.

మధ్యాహ్నం కాకముందే గడ్డపారకు గాజు తగిలింది. ఒక సీసా. దాని పక్కన ఇంకోటి. జామచెట్టు మొదలు దగ్గరికి వెళ్ళేకొద్దీ గుట్టలు గుట్టలు. అన్నీ గోధుమ రంగువి, బల్లపరుపుగా, అరచేతిలో ఇమిడేవి. మట్టి కొట్టుకుపోయి ఉన్నా అవేమిటో ఈ దేశంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. క్వార్టర్ సీసాలు.

మేస్త్రీ చెమట తుడుచుకుంటూ, "మీ ఇంట్ల పెద్దసారు జర గట్టిగనే తాగెటోడు గావచ్చు మేడం" అని నవ్వాడు.

నేను మా ఆయన ముఖం చూశాను. ఆ ముఖం చూశాక నాకు నవ్వు రాలేదు. ఆయన మేస్త్రీతో ఈ పూటకు చాలు, రేపు రమ్మన్నాడు. ఆ రేపు కోసం మేము వారాల తరబడి ఎదురుచూశాం. మేస్త్రీకి బోడుప్పల్‌లో స్లాబు పని దొరికింది, మా గుంత గుంతగానే ఉండిపోయింది. అత్తమ్మ వచ్చేలోపు ఆయన సీసాలన్నీ రెండు బస్తాల్లో నింపి డాబా మీదికి మోసి టార్పాలిన్ కప్పాడు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కదు. వెనకవైపుకు ఆమె రాకుండా వంటింటి వెనక తలుపుకు గొళ్ళెం పెట్టాడు. "అమ్మకు చెప్పకు" అన్నాడు నాతో.

ఆయన భయం ఏమిటో చెప్పాలి. మా మామయ్య పోయి ఏడాది కావస్తోంది. ఆయన నల్లగొండ వైపు పల్లెనుంచి వచ్చి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. ఊళ్ళో ఉన్నప్పుడు విపరీతంగా తాగేవాడట. ఈ కాలనీలో రెండు గదులు వేసుకున్న ఏడాది బాప్తిస్మం తీసుకున్నాడు, ఆ రోజునుంచి చుక్క ముట్టలేదు. ఇదీ మా ఇంటి సాక్ష్యం. మా సంఘంలో ఇది తెలియనివాళ్ళు లేరు. అత్తమ్మ మహిళా కూడికల్లో ఎన్నిసార్లు చెప్పిందంటే, ఎక్కడ ఆగి కళ్ళు తుడుచుకుంటుందో కూడా అందరికీ తెలుసు. భర్త తాగుడుతో వేగలేక ఏడ్చే ఆడవాళ్ళను పాస్టరు గారు నేరుగా మా ఇంటికి పంపేవారు.

మా ఆయన ఈ సాక్ష్యం వింటూ పెరిగాడు. ఆఫీసు పార్టీల్లో ఆయన ఒక్కడే బత్తాయి రసం పట్టుకుని కూర్చుంటాడు. ఎవరైనా బలవంతం చేస్తే వాళ్ళ నాన్న సంగతి చెబుతాడు. ఇప్పుడు ఏడాది జ్ఞాపకార్థ కూడికలో కొడుకుగా ఆయనే ఆ సాక్ష్యం చెప్పాలని పాస్టరు గారు అడిగారు. సరేనన్నాడు. ఆ తర్వాత వారమే జామచెట్టు కింద సీసాలు బయటపడ్డాయి.

లెక్క సులువే. సీసాలు మా ఇల్లు కట్టకముందువైతే ఎవరివో, మనకేం. ఇల్లు కట్టిన తర్వాతవైతే మామయ్యవి. అలాగైతే ఈయన సంఘం ముందు నిలబడి అబద్ధం చెప్పాలి, లేదా నోరు మూసుకోవాలి.

"అత్తమ్మనే అడగరాదు?" అన్నాను మొదటి రోజే.

"అమ్మనెట్ల అడుగుత? నాయిన పోయి ఇంక ఏడాది గూడ నిండలే. నువ్వు తాగుబోతు పెండ్లానివా అని అడగాల్నా?"

"గట్ల గాదు, మంచిగ అడగొచ్చు."

"నువ్వడుగు మరి."

కోడలు అడిగే మాటా అది? ఆయనకూ తెలుసు, నేను అడగలేనని. అలా మా ఇద్దరి మధ్య ఆ మాట ఇరుక్కుపోయింది. సమాధానం తెలిసిన ఏకైక మనిషి ముందు వరండాలో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, ఆమె కొడుకు ఫోనులో 'పాత సీసా వయసు కనుక్కోవడం ఎలా' అని వెతకడం మొదలుపెట్టాడు.

నేను మందుల కంపెనీలో ప్యాకింగ్ విభాగంలో పని చేస్తాను. పొద్దుననుంచీ సాయంత్రం దాకా నా పని సీసాల మీద అచ్చులు చూడటమే. బ్యాచ్ నంబరు సరిగ్గా పడిందా, మూత బిగిసిందా, అడుగున పగులుందా. ఇంటికి వచ్చి చెప్పులు విడిచేలోపు నా ముక్కు కింద ఒక సీసా. "ఈ గీత సూడు. ఈ గీత మూతి దాక పోయిందా, మెడ కాడ ఆగిందా?" మనిషికి ఎంత విసుగొస్తుందో ఊహించుకోవచ్చు. మిఠాయి కొట్టువాడికి ఇంటికెళ్ళాక లడ్డూలు పెట్టినట్టు.

ఆ గీతకు ఆయన ప్రాణం పెట్టాడు. సీసాను రెండు ముక్కల అచ్చులో పోస్తే పక్కన సన్నటి గీత పడుతుందట. పాత కాలంలో మూతి చేత్తో చేసేవారు కాబట్టి గీత మెడ దగ్గరే ఆగిపోతుందట. మిషను వచ్చాక గీత మూతి మీదికి కూడా ఎక్కుతుందట. రోజూ ఆఫీసునుంచి వచ్చి డాబా మీద కూర్చుని ఒక్కో సీసాను గోటితో గీకి చూసేవాడు. అన్ని సీసాల గీతా మూతి మీదికి ఎక్కింది. ఒక్కటంటే ఒక్కటి కూడా మెడ దగ్గర ఆగలేదు. ఆగిందేమోనని నాకిచ్చి గీకమనేవాడు. "నీ గోరు పెద్దగుంటది, జర సూడు" అనేవాడు.

తర్వాత బుడగలు. గాజులో బుడగలుంటే పాతదట. రెండు సీసాల్లో కనిపించాయి. ఆ సాయంత్రం పండగ. మర్నాడు నేను అదే సీసాను లోపల కూడా కడిగి ఎండకు పెడితే బుడగలు కావు, లోపలి మట్టి మరకలు.

కడగడం అనగానే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొదటి రోజే ఆయన అన్ని సీసాలనూ సబ్బుపొడి నీళ్ళల్లో నానబెట్టి, చింతపండు వేసి, నా పీచుతో మిలమిలా మెరిసేదాకా తోమాడు. అన్నీ తోమి వరసగా ఆరబెట్టాక వెబ్‌సైట్‌లో తర్వాతి పేజీ తెరిచాడు. అందులో ఏముందంటే, తవ్వినవాటిని కడగకూడదు, ఏది ఎంత లోతులో దొరికిందో గుర్తుపెట్టుకోవాలి, పైన ఉన్నవి కొత్తవి, కింద ఉన్నవి పాతవి అని. నా దగ్గరికి వచ్చి, "ఏవి పైన ఉండె, ఏవి కింద ఉండె, యాదుందా నీకు?" అని అడిగాడు. బట్టలు మోసే బకెట్‌లో ఇంకా ఆయన సీసాలే ఉన్నాయి. ఉతికిన బట్టలు చేతుల మీద పెట్టుకుని నిలబడి ఉన్నాను నేను. ఏం చెప్పానో రాయను.

నాకు కనబడిందేదో నేనూ చెప్పాను. అడుగున అంకె, దాని పక్కన మి.లీ. అని ఇంగ్లీషు అక్షరాలు. "గిది సూడు. నిజాం కాలంల మిల్లీలీటర్లు లేకుండె. ఔన్సులుండె" అన్నాను. ఆయన చాలాసేపు ఆ అక్షరాలు చూసి, "ఎవరన్న తర్వాత చెక్కిచ్చి ఉంటరు" అన్నాడు. పోసిన గాజు మీద ఉబ్బెత్తుగా అక్షరాలు తర్వాత ఎలా చెక్కుతారు? ఆ మనిషి ఇన్సూరెన్స్ ఆఫీసులో ఎదుటివాళ్ళ అబద్ధాలు పట్టుకునే ఉద్యోగం చేస్తాడు.

నిజాం మాట ఎందుకొచ్చిందంటే, అది ఆయన బావ పుణ్యం. ఆడబిడ్డ భర్త, నాగోల్‌లో ఉంటారు. ఆదివారం ఆరాధన తర్వాత మా ఇంటికి వచ్చి, డాబా ఎక్కి, ఒక సీసాను ఎండకు ఎత్తి చూసి, "ఇవి నిజాం జమానావి బామ్మర్ది. ఉంచు. పెద్ద గిరాకీ" అన్నారు. ఆయన లెక్కలో ఆయనింటి తాళంకప్ప నిజాందే, గోడ గడియారం నిజాందే, ఊరినుంచి తెచ్చుకున్న రోలు కూడా నిజాందే. పైగా ఇంకో మాట తగిలించారు. కాలనీలు పడకముందు ఉప్పల్ చుట్టుపక్కల ద్రాక్షతోటలుండేవని, తోటలవాళ్ళు పురుగుమందులు ఇలాంటి సీసాల్లోనే తెచ్చుకునేవారని. మా ఆయన మునిగేవాడికి తాడు దొరికినట్టు ఆ మాట పట్టుకున్నాడు. ఆ వారమంతా ద్రాక్షతోటలే. పురుగుమందు పావు సీసాల్లో వందల కొద్దీ తెచ్చుకునే తోటమాలి ఎవడో నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాత లాలాపేట. అక్కడ పాత సామాన్ల కొట్టు ఒకటి ఉంది, ఆయనకు తెలుస్తుందని ఎవరో చెప్పారట. శనివారం నా సెలవు పాడుచేసి స్కూటీ మీద బయల్దేరదీశాడు. బస్తా నా ఒళ్ళో. నాచారంనుంచి లాలాపేట దాకా ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో నాకు ఆ రోజే తెలిసింది. ప్రతి బ్రేకరుకూ ఒళ్ళో గలగల. సిగ్నల్ దగ్గర మా సంఘం ఆమె ఒకరు ఆటోలోంచి, "వందనాలు అక్కా, ఏంది ఆ సప్పుడు?" అని అడిగింది. "పచ్చడి సీసాలు" అన్నాను. ఆమె పచ్చడి ఏది పెట్టానని అడిగేలోపు పచ్చ లైటు పడింది, దేవుడి దయ.

కొట్టాయన సీసాను అటూ ఇటూ తిప్పి, "ఎప్పటివి గావాలె సార్ మీకు?" అన్నాడు.

"గావాలె అంటే?"

"మీరు ఎంత పాతవంటే అంత పాతవి. రాజుల కాలం అనుకుంటే రాజుల కాలం."

నాకు అక్కడే ఆ బస్తా వదిలేసి మెట్రో ఎక్కి ఎటైనా పోవాలనిపించింది. మా ఆయన బస్తా భుజాన వేసుకుని బయటికొచ్చాడు. చెరుకురసం బండి దగ్గర ఆగాం. ఏమనుకున్నాడో ఏమో, అప్పుడు చెప్పాడు.

"మా నాయిన తాగలే. నాకు తెలుసు. నేను చిన్నగున్నప్పుడు పీచుమిఠాయాయన వస్తుండె, ఖాళీ సీసా ఇస్తే మిఠాయి ఇస్తుండె. అందరి పోరగాండ్ల తాన సీసాలుంటుండె. మా ఇంట్ల ఒక్కటి దొరకకపోతుండె. ఇల్లంత వెతుకుతుంటి. మంచం కింద, మూలకు, అంతట. వాండ్లింట్ల వీండ్లింట్ల అడుక్కుంటుంటి. తాగెటోనింట్ల సీసాలు ఉండాల్నా వద్దా?"

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు చిన్నపిల్లాడిదిలా ఉంది. అంతవరకూ ఉన్న విసుగు కాసేపు పోయింది. జాలేసింది. ఈ గీతలు, బుడగలు, ద్రాక్షతోటలు అన్నీ పిచ్చి కాదు, నాన్న కోసం పెనుగులాట అని అప్పుడు నిజంగా తెలిసింది. ఇంటికొచ్చాక కూడా ఆయన మాటే నా చెవుల్లో ఉంది.

మంగళవారం పొద్దున కూరగాయలు తరుగుతుంటే వీధిలో ట్రాలీ ఆటో వచ్చింది. రికార్డు చేసిన గొంతు, రోజూ వినేదే. పాత ఇనుప సామాన్లు, ప్లాస్టిక్ సామాన్లు, పాత సీసాలు కొంటాం అని. రోజూ విని విసుక్కునే గొంతు ఆ రోజు నన్ను కత్తిపీట మీద ఆపేసింది. సీసాలు ఈ ఊళ్ళో ఎవరు పారేస్తారు? అమెరికావాళ్ళు పారేశారు, గుంతలో పోసి కప్పెట్టారు, అందుకే వాళ్ళకు ఆ వెబ్‌సైట్లు. మన ఇళ్ళల్లో టానిక్ సీసా అయిపోతే కొబ్బరినూనెకు, అది పాతబడితే కిరసనాయిలుకు, అదీ కాకపోతే ఆ ఆటోవాడికి. సీసాను మట్టిలో పెట్టేవాళ్ళు ఎవరూ లేరు. పెట్టారంటే, అది ఎవరి కంటా పడకూడదని పెట్టారు. ఎవరు తయారుచేశారో, ఎప్పుడు చేశారో గీకి చూడనక్కర్లేదు. మా మామయ్య కాలంలో ఏ ఇంట్లోనైనా నాలుగు సీసాలుండేవి. ఈ ఇంట్లో మాత్రం ఒక్కటీ లేదంటే, ఎవరో పూనుకుని లేకుండా చేశారన్నమాట. ఎవరు? "ముందట తవ్వుండ్రి" అన్న గొంతు గుర్తొచ్చింది.

చెప్పాలా? కూడిక ఆదివారం. ఆయన అప్పటికే చెప్పవలసింది అద్దం ముందు నిలబడి రెండు రకాలుగా సాధన చేస్తున్నాడు, సీసాలు పాతవైతే ఒకటి, కొత్తవైతే ఒకటి. చెబితే ఆయన కుప్పకూలిపోతాడు, చెప్పకపోతే సంఘం ముందు అబద్ధం చెబుతాడు. రెండురోజులు నోరు కట్టుకున్నాను.

గురువారం సాయంత్రం ఆయనే నా నోరు తెరిపించాడు. బస్తాల్లో ఒక సీసా మిగతావాటిలా కాదు. దాని రేకు మూత తెల్లగా పొడిబారింది గానీ, మూత కింది చుట్టు తెగలేదు. అంటే ఎవరూ తెరవలేదు. లోపల ముప్పావు వంతు దాకా నల్లటి నీరుంది. ఆయన దాన్ని మొదటి రోజే పక్కకు తీసి మెత్తటి బట్టలో చుట్టి దాచాడు. ఇప్పుడు ఆ మూట తెచ్చి నా లంచ్ సంచిలో పెడుతున్నాడు.

"రేపు మీ కంపెనీ ల్యాబుల టెస్ట్ చేపిస్తవా? పురుగుమందో, దగ్గు మందో తేలిపోతది."

"నా నౌకరీ ఊడగొడ్తవా ఏంది? మందుల కంపెనీ గేటు కాడ సెక్యూరిటీ నా సంచి తెరిచి గిది సూస్తే?"

"ఒక్క చుక్క సాలు. ల్యాబుల మీ దోస్తు ఉంది గద."

అంతే. ఎన్నాళ్ళదో అంతా ఒక్కసారి పైకి వచ్చింది. ఆ సీసా లాక్కుని, బట్ట విప్పి, ముందు వరండాలోకి నడిచాను. వెనకనుంచి ఆయన, "ఏయ్, ఆగు, ఆగు" అంటూనే ఉన్నాడు. అత్తమ్మ ఆదివారం భోజనాలకు పెసర్లు ఏరుతోంది. చాట పక్కన సీసా పెట్టాను.

"అత్తమ్మా, ఇది ఎప్పటిదో జర చెప్పుండ్రి. మీ కొడుకు నన్ను బతకనిస్తలేడు."

ఆమె చెయ్యి ఆగింది. సీసా అందుకుని, కొంగుతో తుడిచి, మూతను బొటనవేలితో తడిమింది. కోపం రాలేదు, భయమూ లేదు. ఎన్నాళ్ళకో కలిసిన ఎరిగినవాళ్ళను చూసినట్టు చూసింది.

"ఇది గూడ దొరికిందా" అంది. తర్వాత కొడుకు వైపు చూడకుండానే, "మిగిలినయి యాడ వెట్టిన్రు?"

"డాబా మీద" అన్నాను. "రెండు బస్తాలు."

"రెండేనా? ఇంక ఉండాలె."

మా ఆయన గడప మీద కూర్చుండిపోయాడు. అత్తమ్మ చెప్పడం మొదలుపెట్టింది, పెసర్లు ఏరుతూనే. బాప్తిస్మం తీసుకున్నాక కొన్నాళ్ళు బాగానే ఉన్నాడట మామయ్య. ఆమె సంతోషం పట్టలేక కూడికలో సాక్ష్యం చెప్పేసింది. తర్వాత ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులు వచ్చాయి, మళ్ళీ మొదలైంది.

"అందరి ముందట చెప్పినంక ఎట్ల మర్లేసుకుంట? నా మాట నమ్ముకోని నలుగురు ఆడోళ్ళు ప్రార్థన జేస్తున్నరు. సీసాల బండాయన గేటు కాడ నిలవడి ఒక్కొక్కటి బయటవెట్టి చూస్తుండె. ఈది ఈదంత సూస్తది. చెత్తకుండిల ఏస్తే పోరగాండ్లు ఏరుకపోయి, ఫలానోళ్ళ ఇంటి తాన దొరికినయని చెప్తరు." ఆగి, కొడుకు వైపు చూసింది. "ఇంట్ల ఉంచుదామంటే నువ్వొకనివి. సీసా కనవడితే సాలు, పీచుమిఠాయికి ఉరుకుతుంటివి. నడి ఈదిల ఆయన చేతుల వెడ్తువి. అందుకని నువ్వు బడికి పోంగనే జామచెట్టు పాదు తవ్వి పెడుతుంటి. అందరు నేను చెట్టుకు పాదు జేస్తున్ననే అనుకున్నరు."

"అందుకేనా ముందట తవ్వుండ్రన్నరు?" అన్నాను.

"మరేంది. ఈశాన్యం గీశాన్యం మనకెందుకు?"

మా ఆయన నోరు విప్పాడు. "మరి గిదేంది? దీని మూత తియ్యలే గద."

అత్తమ్మ చాట పక్కకు పెట్టింది. "ఒకనాడు నేను పాదు తవ్వుతుంటె మీ నాయిన జల్ది వచ్చిండు. ఫ్యాక్టరీల కరెంటు పోయిందంట. నా చేతుల సీసాలు, మట్టి, అన్ని సూసిండు. నేను యాడ పెడుతున్ననో ఆయనకు గంతకుముందు తెల్వదు. బండికి ఏస్తున్ననే అనుకున్నడు. ఏమనలే. ఇంట్లకు పోయి దీన్ని పట్కొచ్చిండు. కొత్తది. నా పక్కకు కూసొని, 'ఇది గూడ పెట్టు' అన్నడు. నేను పెట్టిన. మట్టి ఆయనే కప్పిండు. ఆ దినం సంది ముట్టలే బిడ్డా. సచ్చేదాక ముట్టలే. అది అబద్ధం గాదు."

మా ఆయన సీసా అందుకుని మూత చుట్టూ ఉన్న తెగని రేకును చూస్తూ కూర్చున్నాడు. అన్నాళ్ళు గీకి గీకి వెతికిన తారీఖు అదే. ఏ సీసా అడుగునా అచ్చువేసి లేదు.

"అప్పుడు నేను ఏం చదువుతున్న?" అన్నాడు.

"ఏడో, ఎనిమిదో."

"అంటే అన్నేండ్లు మనింట్ల సీసాలుండె."

"ఉండె."

"ఒక్కటన్న నాకియ్యకపోతివి అమ్మ."

అని నవ్వబోయి ఏడ్చాడు. తల్లి పోయినవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు, తల్లి ఎదురుగానే ఉంది. నేను అన్నాళ్ళూ ఆయన మీద పెంచుకున్న కోపం అంతా ఆ గడప మీదే నీరుగారిపోయింది. కొంచెం కోపం మిగిలింది గానీ, అది బకెట్ల గురించి.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, "ఆదివారం నేనేం చెప్పాలె మరి?" అన్నాడు.

"నువ్వేం చెప్పకు. చెప్పింది నేను. నేనే సక్కగ చెప్త" అంది అత్తమ్మ. లేచి, మోకాళ్ళు పట్టుకుని, వంటింటి వెనక తలుపు గొళ్ళెం తీసి పెరట్లోకి వెళ్ళింది. మూత తిప్పడం ఆమె వల్ల కాలేదు, కొడుకు తిప్పాడు. గిన్నెలు తోమేచోట నీళ్ళు పోయే కానాలో ఒంపేసి, సీసా కడిగి, "గిది గూడ బస్తాల వెయ్యి" అంది. ఆ వాసన రెండురోజులు పోలేదు.

ఆదివారం ఇంటి ముందు షామియానా కింద, మామయ్య ఫోటో పక్కన నిలబడి ఆమె చెప్పింది. ఎప్పుడూ చెప్పేచోట మొదలుపెట్టి, ఎప్పుడూ కళ్ళు తుడుచుకునేచోట ఆగలేదు. "నేను మీకు ఇన్నేండ్లు సగమే చెప్పిన" అని ముందుకు పోయింది. జామచెట్టు, పాదు, సీసాలు, కరెంటు పోయిన రోజు, అన్నీ చెప్పింది. బావ గారు తల దించుకున్నారు, నిజాం సంగతి గుర్తొచ్చి కావచ్చు. వెనక వరసలో ఇద్దరు గుసగుసలాడుకున్నారు, నేను విన్నాను, ఊరుకున్నాను. పాస్టరు గారు వెంటనే ప్రార్థనకు లేవలేదు. లాలాపేట పోయేటప్పుడు సిగ్నల్ దగ్గర ఆటోలోంచి పలకరించినామె భోజనాల దగ్గర అత్తమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆమె ఇంటి సంగతి మాకు అప్పటిదాకా తెలియదు.

ఆ వారంలో ట్రాలీ ఆటో వచ్చింది. మా ఆయన ఆఫీసుకు ఆలస్యమవుతున్నా రెండు బస్తాలూ డాబా మీదినుంచి దించి గేటు బయట పెట్టాడు. అత్తమ్మ కుర్చీ వేయించుకుని గేటు దగ్గర కూర్చుంది. ఆటో అతను బస్తా తిరగేసి, సీసాలు ఒక్కొక్కటీ రోడ్డు మీద నిలబెడుతున్నాడు. గోధుమ రంగు సీసాలు మా గేటునుంచి పక్కింటి గేటు దాకా వరస కట్టాయి. ఎదురింటామె ముగ్గు ఆపి చూసింది. పక్కింటి మేడ మీది పిల్లలు బాల్కనీలోకి వచ్చారు. అత్తమ్మ కొంగు సవరించుకుని కదలకుండా కూర్చుంది.

ఆటో అతను అన్నీ ఎత్తుకుని, "గివేనా అమ్మా? ఇంకేమన్న ఉన్నయా?" అని అడిగాడు.

"ఉన్నయి బిడ్డా, లోపల ఇంక ఉన్నయి" అంది అత్తమ్మ, వీధంతా వినబడేలా. "మేస్త్రీ వచ్చినంక తవ్విపిస్తం. మల్ల రా."